చెడు చెప్పడం చేతకాని లమారా

ఇటలీలోని బారీ రైల్వే స్టేషను దగ్గరి మైదానంలో ఆదివారం పొద్దున లమారా నోరు తెరిచిందంటే, జార్జియాకి మూటలు మోసుకెళ్లే వ్యాన్లు ఆలస్యంగా బయల్దేరేవి. డ్రైవర్లు ఇంజను ఆపుకుని మరీ వినేవారు. ఆలివ్ నూనె డబ్బాలూ, పాస్తా పొట్లాలూ, మనవలకి కొన్న బూట్లూ అట్టపెట్టెల్లో సర్దుతున్న ఆడవాళ్లు తాడు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయేవారు.

ఆమె చెప్పే సంగతులు అలాంటివి. జార్జియాలో వాళ్ల ఊరు కుతాయిసిలో తాత నాటిన ద్రాక్షతీగ పక్కింటి కప్పెక్కి, అక్కణ్ణుంచి చర్చి గోపురం ఎక్కిందట. ఈస్టరు నాడు గంట తాడనుకుని గంటలవాడు దాన్నే లాగేశాడట. వీధి వీధంతా ద్రాక్షపళ్ల వానలో తడిసి, ముసలి పాదిరీ నెల రోజులు ఊదారంగు గడ్డంతో ప్రార్థన చేయించాడట. వాళ్లమ్మ కాల్చిన జున్నురొట్టె కొస నోట్లో పెట్టుకుని బస్సెక్కితే, సాగిన జున్ను తెగడానికి బతూమీ సముద్రం కనిపించాల్సి వచ్చిందట. కాలేజీ చదువు రెండో ఏడులో మానేసింది. ఎందుకని ఎవరైనా అడిగితే, "నేను మానెయ్యలేదు తల్లీ. చెప్పడానికి ఇంకేమీ మిగల్లేదని వాళ్లే చేతులు జోడించి సాగనంపారు," అనేది.

ఇంత నోరున్న మనిషిని మైదానం ఊరికే వదుల్తుందా? విందుబల్ల దగ్గర గ్లాసెత్తి అందరి పేరునా మంచి మాటలు చెప్పే పెద్దను జార్జియాలో తమదా అంటారు. అక్కడ అది మీసాలున్నవాళ్ల పని. బారీలో జార్జియా వాళ్లంటే ఇటలీ ముసలివాళ్లకి అన్నం పెట్టి, స్నానం చేయించి, మందులు మింగించే ఆడవాళ్లే కాబట్టి మీసాలకి కరువొచ్చింది. ఆ కుర్చీ లమారాది అయింది. ఆ కుర్చీకి ఒకటే నియమం: గ్లాసు చేతిలో ఉండగా ఎవరి గురించీ చెడ్డ మాట రాకూడదు. తక్కిన ఊళ్లవాళ్లు ఆ నియమాన్ని బల్ల దగ్గరే వదిలేసి లేస్తారు. కుతాయిసి వాళ్లు ఇంటికి కూడా తీసుకుపోతారు. దొంగ ఇల్లు దోచుకుపోతే, "ఎంత మర్యాదస్తుడో, పిల్లల నిద్ర చెడగొట్టలేదు," అనేవాళ్లు వాళ్లే.

లమారా భర్త మల్ఖాజ్ తాపీమేస్త్రీ. అతను కట్టిన గోడకి నూలు పట్టి చూసినా వంకర దొరకదు. చాలా ఏళ్ల నుంచి ఇటలీలో ఉంటున్నవాడు, పెళ్లి చేసుకుని ఆమెను తెప్పించుకున్నాడు. అలా భర్త వెంట వచ్చిన భార్య నివాస కార్డు భర్త కార్డుని పట్టుకుని వేలాడుతుంది. మల్ఖాజ్ ఈ సంగతి ఆమెకు ఇటాలియన్‌లో రొట్టెని ఏమంటారో నేర్పకముందే నేర్పాడు. ఆమె కార్డూ పాస్‌పోర్టూ తన పనిముట్ల పెట్టెలో పెట్టి తాళం వేశాడు. "గడప దాటావా, ఇది చిత్తుకాగితం. పోలీసులే నిన్ను విమానంలో పడేస్తారు," అన్నాడు. ఆ తర్వాత కొట్టడం మొదలుపెట్టాడు.

మైదానంలో మాత్రం మల్ఖాజ్ రాజకుమారుడు. లమారాకి పొద్దున్నే కాఫీ మంచం దగ్గరికి వస్తుంది, సాయంత్రం పువ్వులు వస్తాయి. ఒక ఆదివారం ఆమె మణికట్టుకి కట్టుతో, వాచిన చెంపతో వచ్చింది. ఎవరూ అడగకముందే మొదలుపెట్టింది.

"చేపల బజారులో కత్తిచేపతో తగువు పడ్డాను. మాటా మాటా పెరిగింది. అది ముక్కుతో ఒక్కటిచ్చింది. నేనూరుకుంటానా? తోక పట్టుకుని గిరగిరా తిప్పి సముద్రంలోకి విసిరాను. ఈపాటికి అల్బేనియా ఒడ్డున క్షమాపణ చెబుతూ ఉంటుంది."

ఆడవాళ్లు కడుపు పట్టుకుని నవ్వారు. మర్నాడు అదే కథ పనిచేసే ఇంట్లోనూ చెప్పింది. ఆ ఇల్లు పాతబారీలో ఫిలొమేనాది. వీధంతా ఆమెను మేనా అవ్వ అంటుంది. మోకాళ్లు పనిచెయ్యవు కానీ, గొంతు మాత్రం ఓడ సైరన్‌కి అక్క. అవ్వ నవ్వలేదు.

"ఏ సేప?" అంది.

"కత్తిచేప అవ్వా. ఇంత పొడుగు."

"బతికున్నదా?"

"బతికున్నదే. లేకపోతే నాతో తగువెలా పడుతుంది?"

"ఒలే, కత్తిసేప బజారుకి సచ్చే వత్తాది. నాను బతుకంతా సేపల బల్ల కాడ నిలబడినాను. సచ్చిన సేప సెయ్యిరగ్గొట్టడం ఎప్పుడూ సూళ్లేదు. ఆ సేప పేరు మల్ఖాజేనా?"

లమారా గిన్నె తోమింది. తోమిన గిన్నెనే మళ్లీ తోమింది. మేనా అవ్వకి అది చాలు. మందుల షాపు గోడ మీద అంటించి ఉండే సహాయం నంబరు ఆమెకు నోటికొచ్చు. తన మనవరాలి స్నేహితురాలికి ఒకప్పుడు పనికొచ్చింది. ఫోనెత్తి ఆమె మాట్లాడిన తీరుకి తీగా అక్కర్లేదు, టవరూ అక్కర్లేదు. కిటికీ తెరిస్తే సరిపోయేది.

ఆ సాయంత్రం లమారా ఇంటికి వెళ్లలేదు. ఇద్దరు ఆడవాళ్లు కారులో వచ్చి, హింస పడ్డ ఆడవాళ్ల కోసం నడిచే కేంద్రానికి చెందిన ఇంటికి తీసుకెళ్లారు. ఆ ఇల్లు ఏ వీధిలో ఉందో మైదానానికి తెలీదు. ఎవరి పప్పులో ఉప్పు తక్కువైందో కూడా చెప్పగల మైదానం అది. దానికే తెలీదంటే ఇంకెవరికి తెలుస్తుంది? పోలీసులు వెళ్లి పనిముట్ల పెట్టె తెరిపించి పాస్‌పోర్టూ కార్డూ తెచ్చారు. కార్డు గడువు ఆ శరదృతువుతో ముగుస్తుంది. పొడిగించాలంటే మల్ఖాజ్ పక్కన నిలబడాలి.

కేంద్రంలో ఆమె సంగతి చూసేది లొరెదానా. సన్నగా, కళ్లజోడు నెత్తి మీద పెట్టుకుని వెతుక్కునే మనిషి. దుబాసీగా ఎటెరి అనే టిబిలిసి ఆవిడ వచ్చింది. లమారా కంటే పదేళ్లు పెద్దది, మాటకి మాట తూచి వేసేది.

లొరెదానా నింపాదిగా చెప్పింది. "మీ ఆయనతో సంబంధం లేకుండా మీకు సొంత కార్డు రావడానికి చట్టంలో దారి ఉంది. ఇంట్లో హింస పడినవాళ్లకి, బయటపడటం వల్ల ప్రమాదంలో ఉన్నవాళ్లకి ఇస్తారు. ముందు ఏడాదికి. దాంతో పని చేసుకోవచ్చు, ఆ తర్వాత పని కార్డుగా మార్పించుకోవచ్చు. కానీ మీకేం జరిగిందో మేం రాసి పోలీసు కార్యాలయానికి పంపాలి. మీరు చెబితేనే మేం రాయగలం."

"నేను చెప్పడమా మేడం? నన్ను ఆపడానికి మనిషిని పెట్టుకోండి," అంది లమారా.

"సరే. మీ ఆయన గురించి చెప్పండి."

లమారా గొంతు సవరించుకుంది. వీపు దానంతటదే నిటారుగా అయింది. ఎదురుగా ఉన్న మంచినీళ్ల గ్లాసు మీదికి చెయ్యి పోయింది.

"మల్ఖాజ్ చేతులు బంగారం. అతను కట్టిన గోడకి ఆనుకుంటే భూకంపం కూడా కాసేపు నిద్రపోతుంది. తల్లిని దేవతలా చూస్తాడు. పాడితే ఆ మంద్రస్థాయికి కిటికీ అద్దాలు వణుకుతాయి..."

ఒక్కో వాక్యం ఇటాలియన్‌లోకి దింపేసరికి ఎటెరికి చెమటలు పట్టాయి. లొరెదానా రాసుకుంటూ పోయింది. చివరికి పెన్ను పక్కన పెట్టి, కళ్లజోడు కోసం వెతికి, నెత్తి మీద దొరికించుకుని, రాసింది చదువుకుంది.

"లమారా గారూ, దీంతో మీ ఆయనకి నగరపాలక సంఘం పతకం ఇప్పించగలను. మీకు కార్డు ఇప్పించలేను."

బయట వసారాలో ఎటెరి లమారా మోచెయ్యి పట్టుకుంది. "ఏమే పిల్లా, నేను దుబాసీనా, పెళ్లిళ్ల పేరమ్మనా? ఇంకో పావుగంట ఆగితే నేనే వాణ్ణి చేసుకునేదాన్ని."

"నోరు తిరగట్లేదు అక్కా."

"నీకా? నీ నోరు తిరిగినంత మా ఊరి మిక్సీ తిరగదు."

నిజానికి ఆమెకు నోరు తిరుగుతూనే ఉంది; తిరగడమే చిక్కు. గొంతు దాకా వచ్చిన మాటకి ఎవరో పూలదండ వేసి బయటికి పంపుతున్నట్టుంది. మరోసారి కూర్చున్నారు. ఈసారి మల్ఖాజ్ ఎంత ధైర్యవంతుడో చెప్పి వచ్చింది. ఇంకోసారి కూర్చున్నారు. అతని వంట గురించి చెప్పింది. అతనికి గుడ్డు ఉడకబెట్టడం కూడా రాదు. చెప్పకపోతే ఏమవుతుందో ఆమెకు తెలుసు. కార్డు పోతుంది, కుతాయిసి విమానం వస్తుంది, అక్కడ దిగేది మల్ఖాజ్ అన్నదమ్ములు ముగ్గురూ కాపురముండే వీధిలోనే. ఆమెను తిరిగి అతనికి అప్పగించడమే పెద్దరికం అనుకునే మనుషులు వాళ్లు. అంటే మల్ఖాజ్ అన్న మాటే నిజమవుతుంది. అయినా కుర్చీలో కూర్చోగానే వీపు నిటారు, మాట తియ్యన.

ఎండలు ముదిరాయి. మేనా అవ్వకి ఇంట్లో కాలు నిలవడం లేదు. కొత్తగా వచ్చిన పనిమనిషి వంకాయల్ని శత్రువుల్లా ఉడకబెడుతోందని ఫిర్యాదు. ఒక మధ్యాహ్నం లమారా వాళ్లు ముగ్గురూ మళ్లీ కూర్చుని ఉండగా, టాక్సీ కట్టించుకుని చక్రాల కుర్చీలో కేంద్రం ఆఫీసుకే వచ్చేసింది. ఒడిలో పళ్లెం, పళ్లెంలో టమాటాలు అద్దిన మందపు రొట్టె, సంచిలో సీసాలు.

లొరెదానా సంచి వంక చూసింది. "అవ్వా, ఇక్కడ మద్యం తాగకూడదు."

"నాకూ కూడదులే. డాట్రు బాబు ఒద్దన్నాడు. ఇది మత్తు తీసేసిన బీరు. ముసలోళ్లకి, డ్రైవర్లకి. రొట్టి తింటా బీరు తాక్కపోతే అది బారీ కాదమ్మా, ఆసుపత్రి."

అవ్వ అడక్కుండానే నాలుగు గ్లాసుల్లో పోసింది. నురగ పొంగి బల్ల మీదికి కారింది. లమారా తన గ్లాసు ముట్టుకోలేదు.

"తాగవేటే?"

"తాగుతానవ్వా. తాగే ముందు మాకు ఒక మాట చెప్పే అలవాటు. బీరుతో మాత్రం కుదరదు."

"ఏటి, బీరుకి మాటలు రావా?"

ఎటెరి రొట్టె నములుతూ అందుకుంది. "మా వైపు పద్ధతి అవ్వా. అయినవాళ్ల కోసం గ్లాసెత్తితే అందులో ద్రాక్షసారా ఉండాలి. బీరు గ్లాసుతో అయినవాళ్ల పేరెత్తితే అవమానం. బీరుతో ఎత్తేది..." ఆమె నమలడం ఆపింది. నెమ్మదిగా లమారా వైపు తిరిగింది. "చెప్పవే. బీరుతో ఎవరి పేరెత్తుతాం?"

లమారా పొంగుతున్న నురగని చూస్తోంది.

"పగవాళ్ల పేరు," అంది.

"మరి?"

"ఇది మత్తు లేని బీరు కదక్కా. చెల్లుతుందా?"

"బీరు బీరే. పగవాడు సీసా వెనక చదివి చూస్తాడా ఏంటి?"

లొరెదానాకి ఏం జరుగుతోందో సగమే అర్థమైంది. కానీ ఆ సగంతోనే పెన్ను చేతిలోకి తీసుకుంది. "రాసుకోవచ్చా?" అని అడిగింది. లమారా తలూపి లేచి నిలబడింది. గ్లాసెత్తింది.

"ఈ గ్లాసు మల్ఖాజ్‌కి," అంది. "బీరుతో."

ఆ తర్వాత మాటకి దండ పడలేదు.

"పనిముట్ల పెట్టె తాళానికి. ఆ తాళం వెనక నా పేరుంది, నా మొహం ఫొటో ఉంది. బాల్కనీ తలుపుకి. జనవరిలో, సూప్‌లో ఉప్పు ఎక్కువైందని, నన్ను చెప్పుల్లేకుండా బయట పెట్టి గడియ వేశాడు. లోపల కూర్చుని ఆ సూపే తాగాడు, నేను అద్దంలోంచి చూశాను. కింది ఇంటావిడ మెట్లెక్కి వచ్చి తలుపు కొట్టింది కాబట్టి తీశాడు. అంట్ల తొట్టి అంచుకి. నా మణికట్టు విరిగింది దాని మీదే. అతను పట్టుకుని వంచాడు. నేను చేపన్నాను. మందుల షాపు ఆయనకి నేను మెట్లన్నాను. మా అమ్మకి ఫోన్లో మంచు మీద జారానన్నాను. బారీలో మంచెక్కడిదని మా అమ్మ అడగలేదు."

ఎటెరి ఒక్కో మాటా ఇటాలియన్‌లోకి దింపింది. లొరెదానా పెన్ను ఆగలేదు. లమారా చెప్పాల్సినవన్నీ చెప్పి, గ్లాసు పూర్తిగా తాగేసి, బల్ల మీద పెట్టి, మూతి తుడుచుకుంది.

"ఛీ, ఎంత చేదుగా ఉందో. దీన్ని రోజూ ఎలా తాగుతావవ్వా?"

"రోజూ పగోళ్లు పెరిగిపోతన్నారే, ఏటి సేత్తాను," అంది మేనా అవ్వ, కళ్లు తుడుచుకుంటూ. "రొట్టి తిను."

అక్కడి నుంచి పని తనంతట తాను నడిచింది. ఆసుపత్రి వాళ్లు మణికట్టు ఎక్స్‌రే ఇచ్చారు. కింది ఇంటావిడ బాల్కనీ సంగతి సాక్ష్యం చెప్పింది. ఎవరైనా వచ్చి అడుగుతారని అప్పట్నుంచీ ఎదురుచూస్తున్నానని చెప్పి, లోపలికి పిలిచి కాఫీ కూడా పెట్టింది. మందుల షాపు ఆయన, మెట్ల మీద పడితే ఒంటి మీద అన్ని వేళ్ల గుర్తులుండవని తనకి అప్పుడే అనుమానం వచ్చిందన్నాడు. కేంద్రం నివేదిక నగర సంక్షేమశాఖ ద్వారా పోలీసు కార్యాలయానికి చేరింది.

ఆకులు రాలే వేళకి పిలుపు వచ్చింది. విదేశీయుల కార్డులు చూసే విభాగంలో ఒక గది, గదిలో యూనిఫాం వేసుకున్న ఒక మధ్యవయసు అధికారిణి. ఎటెరి పక్కన కూర్చుంది. లోపలికి అనుమతి లేక లొరెదానా బయట ఉండిపోయింది. అధికారిణి కాగితాలు తిరగేసి, తలెత్తింది.

"ఇందులో అంతా ఉంది. కానీ మీ నోటితో ఒకసారి వినాలి. మీ భర్త గురించి చెప్పండి."

అదే ప్రశ్న. లమారా వీపు నిటారుగా అయింది. బల్ల మీద ఎవరో తాగి వదిలేసిన కాఫీ కప్పుంది, దాని మీదికి చెయ్యి వెళ్లబోయింది. మల్ఖాజ్ చేతులు అన్న మాట నాలుక చివర సిద్ధంగా కూర్చుంది. బంగారం అనడమే తరువాయి.

లమారా చెయ్యి వెనక్కి తీసుకుని ఒడిలో పెట్టుకుంది.

"మల్ఖాజ్ చేతులతో నన్ను కొట్టాడు," అంది.

ఇటాలియన్‌లోనే అంది. దుబాసీ కోసం ఆగలేదు. వచ్చీరాని వ్యాకరణంతో, పొడిపొడిగా, మైదానంలో వినుంటే వ్యాన్లు టైముకే బయల్దేరేంత చప్పగా చెప్పింది. కొట్టాడు. తాళం వేశాడు. చెయ్యి విరిచాడు. వెళ్తే పంపించేస్తారన్నాడు. నాకు వెళ్లాలని లేదు. అతని దగ్గరికీ వెళ్లాలని లేదు.

అధికారిణి రాయడం ముగించి, "ఇంకేమైనా చెప్పాలా?" అని అడిగింది.

"చాలా ఉన్నాయి మేడం, కానీ అవన్నీ అబద్ధాలు," అంది లమారా. అధికారిణి నవ్వు ఆపుకోలేక కిటికీ వైపు తిరిగింది.

ప్రాసిక్యూటర్ అభిప్రాయం రావడానికి, ముద్రలు పడడానికి, వేలిముద్రలు తీసుకోవడానికి పట్టిన కాలంలో రోము కట్టేయొచ్చు. క్రిస్మస్ దాటాక కార్డు చేతికి వచ్చింది. కిటికీ అవతల ఉద్యోగి వివరాలు సరిచూసుకోమన్నాడు. లమారా పేరు చదివింది, పుట్టిన ఊరు చదివింది, ఏ కారణం మీద ఇచ్చారో చదివింది. భర్త పేరు ఎక్కడ రాశారా అని వెనక్కి తిప్పి చూసింది, అంచు పట్టుకుని వెలుతురుకి ఎత్తి చూసింది. ఎక్కడా లేదు. "తప్పులేమైనా ఉన్నాయా?" అన్నాడు ఉద్యోగి విసుగ్గా. "లేవు," అంది. "ఫొటో మాత్రం అన్యాయం. నేనింకా అందగత్తెను."

మర్నాడు మేనా అవ్వ వంటింట్లో, ఒప్పందం కాగితం మధ్యలో పెట్టుకుని ఇద్దరూ కూర్చున్నారు. పాత ఒప్పందం రాసిన రోజుల్లో కార్డు పనిముట్ల పెట్టెలో ఉండేది. మాట్లాడి సంతకం పెట్టించింది మల్ఖాజ్. ఈసారి లమారాయే మాట్లాడింది.

"ఆదివారం సెలవు," అంది.

"సరే."

"గురువారం మధ్యాహ్నం నుంచి సెలవు."

"గురువారం ఎందుకే? ఈ ఊళ్లో పనోళ్లందరూ తీసుకుంతారని నువ్వూ తీసుకుంతావేటి?"

"చట్టంలో ఉందవ్వా."

"సట్టం నీకు బాగా అలవాటైపోనాది," అని గొణుక్కుంటూ అవ్వ పెన్ను తీసుకుంది. సంతకం పెట్టబోయి ఆగింది. "గురువారం ఎక్కడికెల్తావు?"

లమారా నోరు తెరిచింది. చెప్పడానికి ఏ కథా తోచలేదు.

"తెలీదవ్వా. ఎక్కడికెళ్లావని అడిగేవాళ్లు లేని గురువారం ఇంతవరకూ నాకు రాలేదు. వచ్చాక చూస్తాను."

అవ్వ సంతకం పెట్టి, కాగితం ఆమె వైపు జరిపింది.

"ఎండలో తిరక్కు," అంది.

బయట చలిగాలి కిటికీ రెక్కల్ని కొడుతోంది. లమారా పెన్ను అందుకుని తన పేరు పూర్తిగా, పెద్ద అక్షరాలతో, గీత దాటిపోయేలా రాసింది.